అర సెకను

జూన్ 2, సోమవారం

నా పట్టికలో తప్పు లేదు.

మిగతావి రాసే ముందు ఈ ముక్క రాసి పెట్టుకోవడం మంచిది. ఇవాళ మీటింగులో ఏడుగురు నా వంక చూసిన చూపుకి ఇంకొకరైతే అక్కడికక్కడే ఒప్పేసుకునేవారు. నేను ఒప్పుకోలేదు. మా కంపెనీ ఆపరేటింగ్ సిస్టమ్‌లో పెద్దక్షరాల పట్టిక, అంటే ఇంగ్లీషులో చిన్న a కి పెద్ద A అన్నట్టు జతలు చెప్పే పట్టిక, ఇరవై మూడేళ్ళుగా నా చేతి మీదుగానే నడుస్తోంది. ఏ భాషలో ఏ చిన్నక్షరానికి ఏది పెద్దక్షరమో నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

సంగతేమిటంటే, కొత్త వెర్షన్ బయటికి వెళ్ళి ఆరు వారాలైంది. ఇవాళ ఒక ఫిర్యాదు వచ్చింది. నిఘంటువు రాస్తున్న ఒక పెద్దావిడ కంప్యూటర్లో ఫైళ్ళ పేర్లు జాబితాలో కనిపిస్తున్నాయి, తెరవబోతే మాత్రం అలాంటి ఫైలు లేదంటోంది. ఇంట్లో కూర్చుని లేనని చెప్పించే మనిషిలాగన్నమాట. నలభై ఒక్క వేల పైచిలుకు ఫైళ్ళలో మూడు వేల నాలుగు వందల ఏడు ఇలా మొండికేశాయి.

ఆవిడ భాషకు మొన్నమొన్నటి దాకా పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అనే తేడా లేదు, మన తెలుగుకు లేనట్టే. రెండేళ్ళ క్రితం అక్షరాలకు నంబర్లిచ్చే సంఘం వాళ్ళు ఆ భాషలోని నలభై అక్షరాల్లో ముప్పై నాలుగింటికి కొత్తగా పెద్దక్షరాలు ఇచ్చారు. ఆరింటిని వదిలేశారు. ఆ ముప్పై నాలుగు జతలనూ కొత్త వెర్షన్ పట్టికలో చేర్చింది నేను. చేర్చాకే ఈ గొడవ మొదలైంది కాబట్టి దొంగ దొరికినట్టేనని మేనేజరు తీర్మానించాడు. ఆయనకు నేను పెట్టుకున్న పేరు గడియారం. ఇరవై నిమిషాల మీటింగులో తొమ్మిదిసార్లు చేతికేసి చూసుకున్నాడు. నేను లెక్కపెట్టాను.

ఇంటికి వచ్చేముందు ముప్పై నాలుగు జతలూ మళ్ళీ సరిచూశాను. అన్నీ సరే.

జూన్ 3, మంగళవారం

అక్క డ్రై క్లీనింగ్ దుకాణానికి వచ్చిన ఒకావిడ, మీ చెల్లెలు ఏం ఉద్యోగం చేస్తుందని అడిగిందట. కంప్యూటర్లో అక్షరాలు పెద్దవి చేస్తుందని అక్క చెప్పిందట. అంతకంటే కళ్ళజోడు పెట్టుకుంటే పోలేదా అందట ఆవిడ.

పొద్దున టీ తాగుతూ అక్కకు మొదట్నుంచీ చెప్పాను. ఒకే ఫైలు పేరును ఒకరు చిన్నక్షరాలతో కొడతారు, ఇంకొకరు పెద్దక్షరాలతో కొడతారు. రెండూ ఒకటేనని యంత్రానికి తెలియాలి. అందుకని అది లోలోపల పేర్లన్నిటినీ పెద్దక్షరాల్లోకి మార్చుకుని, ఆ వరుసలో పేర్చుకుంటుంది, ఆ వరుసలోనే వెతుక్కుంటుంది. ఏ అక్షరం ఏదిగా మారాలో చెప్పేది నా పట్టిక. అక్క అంతా విని, "అయితే నువ్వు లేకపోతే ఎవరి ఫైలు వాళ్ళకి దొరకదన్నమాట" అంది. నా ఉద్యోగం గురించి ఇంత బాగా ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. రోజంతా ఆ మాటతోనే గడిపేశాను.

ఆఫీసులో అనుమానం నా బల్ల మీద ఒక కాగితం పెట్టి వెళ్ళాడు. అనుమానమంటే మా టెస్టింగు మనిషి. నాతోపాటే ఉద్యోగంలో చేరాడు, ఇప్పటికీ కూర్చునే ముందు కుర్చీని ఒకసారి ఊపి చూస్తాడు. కాగితంలో ఏదో పాత కోడు, ఒక వరుస మీద పసుప్పచ్చ రంగు. ఇంత పని పెట్టుకుని పాత సంగతులు ఎవరు చదువుతారు? డ్రాయర్లో పడేశాను.

జూన్ 5, గురువారం

గడియారం నన్నే పంపాడు. ఆ పెద్దావిడ ఇంటికి వెళ్ళి, క్షమాపణ చెప్పి, మా మరమ్మతు ప్రోగ్రాము నడపడానికి ఒప్పించి రావాలట. నా తప్పు లేనిదానికి క్షమాపణ దేనికో నాకు అర్థం కాలేదు గానీ వెళ్ళాను.

మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఆవిడకు డెబ్బై ఒకటి, నాకు యాభై. ఆయాసపడింది నేను. ఆవిడ బడిలో లెక్కలు చెప్పి రిటైరైందట. గది నిండా చెప్పుల డబ్బాలు, వాటి నిండా పాత చీటీలు. కిటికీ పక్కన కంప్యూటరు, దుమ్ము పడకుండా దానికి దిండు గలీబు తొడిగి ఉంది. నేను మనసులో ఆవిడకు పదాలమ్మ అని పేరు పెట్టేశాను.

ఆవిడ పద్ధతి చాలా తేలిక. ఒక పదానికి ఒక ఫైలు. ఫైలు పేరే ఆ పదం. లోపల దాని అర్థం, ఆ పదాన్ని పలికిన గొంతు. లోపల పదం మళ్ళీ ఎక్కడా రాసి లేదు. లోపల కూడా ఒకసారి రాసుకోవాల్సింది కదండీ అన్నాను.

"ఉప్పు డబ్బా మీద ఉప్పు అని రాశాక, లోపల ఉప్పు మీద కూడా రాస్తామా అమ్మా?" అంది.

మా మరమ్మతు ప్రోగ్రాము ఏం చేస్తుందో నాకు తెలుసు. వరుస తప్పిన ఫైలు కనబడితే అది చెడిపోయిందనుకుని, పేరు పీకేసి, ఒకటి, రెండు, మూడు అని నంబర్లు తగిలిస్తుంది. లోపలి సరుకు క్షేమంగా ఉంటుంది, పేరొక్కటే పోతుంది. అందరికీ అది చిన్న నష్టం. ఈవిడకు పేరే సరుకు. మూడు వేల నాలుగు వందల ఏడు అర్థాలు మిగులుతాయి, ఏది ఏ మాటదో గొంతు విని ఒక్కొక్కటే మళ్ళీ రాసుకోవాలంటే నెలలు పడుతుంది.

రికార్డింగుల్లో గొంతు ఆవిడ చెల్లెలిది. ఈవిడ చదువుకని ఊరు విడిచి వెళ్ళింది, చెల్లెలు ముసలమ్మల మధ్యే పెరిగింది. పెద్దక్షరాలు దక్కని ఆ ఆరు అక్షరాలున్నాయే, వాటిని పాత పద్ధతిలో పలికేది చివరికి ఆ చెల్లెలొక్కతే మిగిలిందట. కిందటి చలికాలంలో పోయింది. మొండికేసినవాటిలో ఎక్కువ భాగం ఆ అక్షరాలున్న పదాలే. వేరే కాపీ ఉందా అంటే మూడేళ్ళ కిందటిది ఉందంది. చెల్లెలు ఆఖరి రెండేళ్ళూ మంచం మీద నుంచి చెప్పిన మాటలు అందులో లేవు.

"కొన్ని తెరుచుకోకపోతే మళ్ళీ నేనే చెప్పి దాచాను. నా నోట అవి సరిగ్గా రావమ్మా. బడికి పోయినదాన్ని కదా" అంది.

పుస్తకం ఇరవయ్యో తారీఖున ప్రెస్సుకు వెళ్ళాలి. ఆవిడ నోటుబుక్కులో మొత్తం పదాలు 41,204 అని ఉంది, కంప్యూటరు 41,216 ఫైళ్ళంటోంది. పన్నెండు తేడా. లెక్కల టీచరే గానీ వయసు మీద పడింది, ఎక్కడో పొరబడి ఉంటుంది.

డిస్కును ఉన్నదున్నట్టు నకలు తీసుకుని వచ్చాను. క్షమాపణ చెప్పలేదు. మరమ్మతుకు ఎవరొచ్చినా ఒప్పుకోవద్దని మాత్రం చెప్పాను. గుమ్మం దాటుతూ, ఒక్క పేరు కూడా పోనివ్వనండీ అనేశాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు.

జూన్ 6, శుక్రవారం

డ్రాయరు ఇరుక్కుంది. నూనె వేయించాలి.

జూన్ 8, ఆదివారం

అక్క అలమర దులుపుతూ నా గాజు జ్ఞాపికను చేతిలోకి తీసుకుని, ఇది దేనికిచ్చారని అడిగింది. పదిసార్లు చెప్పినా గుర్తుండదు. మళ్ళీ చెప్పాను, చెప్పడం నాకూ ఇష్టమే కాబట్టి. పదకొండేళ్ళ కిందట మా కంప్యూటరు ఆన్ చేస్తే లేవడానికి చాలా సేపు పడుతోందని కంపెనీ అంతా తలలు బద్దలు కొట్టుకుంటోంది. పెద్ద పెద్దవాళ్ళు నెల రోజులు కూర్చుని పదో వంతు సెకను కూడా తగ్గించలేకపోయారు. నేను కోడులో ఒక్క వరుసతో అర సెకను తగ్గించాను. పెద్ద హాల్లో చప్పట్లు. డైరెక్టరు స్వయంగా వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ రోజు కాలరున్న చొక్కా వేసుకుని ఉంటే తప్పకుండా ఎగరేసేదాన్ని.

"ఆ ఒక్క వరుసతో ఏం చేశావే?" అంది అక్క.

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

పాలు పొంగలేదు.

జూన్ 9, సోమవారం

మరమ్మతుకు ఒప్పుకోవద్దని నేనే చెప్పి వచ్చినట్టు గడియారానికి తెలిసిపోయింది. అరవలేదు. అరవడానికి ఆయనకు సమయం ఉండదు. సర్వీసువాళ్ళు శుక్రవారం, పదమూడో తారీఖున, వెళ్ళి ప్రోగ్రాము నడుపుతారట. ఆవిడ వద్దంటే ఇక మన బాధ్యత లేదని రాసి ఫిర్యాదు మూసేస్తారట. మూసిన రోజునే నా దగ్గరున్న నకలు కూడా చెరిపేయాలి, అది కంపెనీ నియమం. ఒక్క కస్టమరు కోసం ఇంత హడావిడి దేనికని అడిగాడు.

పాత వెర్షన్ మళ్ళీ పెట్టి చూద్దామని అనుమానం అన్నాడు, నకలు మీద పెట్టి చూశాడు కూడా. మొండికేసిన పాత ఫైళ్ళన్నీ టకటకా తెరుచుకున్నాయి. ఈ ఆరు వారాల్లో ఆవిడ కొత్తగా దాచినవి మాత్రం మొండికేశాయి. కొత్త వెర్షన్ పెడితే తలకిందులు.

ఎందుకంటారు మేడమ్ అని నన్ను అడిగాడు. తెలియదన్నాను. ఆయన నా డ్రాయరు వైపు చూసి వెళ్ళిపోయాడు.

జూన్ 10, మంగళవారం

నా పట్టికలో తప్పు లేదు. ముప్పై నాలుగు జతలూ సరే. ఇవాళ్టికి పదోసారి.

జూన్ 11, బుధవారం

డ్రాయరు ఇరుక్కోలేదు. ఎప్పుడూ ఇరుక్కోలేదు. చిటికెనవేలితో లాగితే వచ్చేసింది.

ఇక రాసేస్తాను. ప్రతి డిస్కు మీదా, దాన్ని మొదటిసారి వాడకానికి సిద్ధం చేసిన రోజున, ఆనాటి పెద్దక్షరాల పట్టిక నకలు ఒకటి రాసి ఉంటుంది. ఆ డిస్కులో పేర్లను పేర్చేది ఆ పట్టిక ప్రకారం. వెతకాల్సిందీ దాని ప్రకారమే. అందుకే కంప్యూటరు లేచినప్పుడల్లా ముందు డిస్కు మీది పట్టికను చదివేది. చదవడానికి పట్టేది అర సెకను. పదకొండేళ్ళ కిందట నేను ఒక్క వరుస రాసి ఆ చదవడాన్ని ఎత్తేశాను. అన్ని డిస్కుల మీదా ఉన్నది ఒకటే పట్టిక, సిస్టమ్‌లో ఉన్నదీ అదే, మళ్ళీ మళ్ళీ చదవడం దేనికని. అప్పట్లో అది నిజమే. తర్వాత పదకొండేళ్ళు పట్టిక మారలేదు కాబట్టి ఎవరికీ ఏ నొప్పీ తెలియలేదు. ఈసారి మారింది. మార్చిందీ నేనే.

ముప్పై నాలుగు అక్షరాలు కొత్త నంబర్లు తీసుకుని వరుసలో ఎక్కడికో వెళ్ళి కూర్చున్నాయి. ఆరు అక్షరాలు పాత చోటే ఉండిపోయాయి. యంత్రం కొత్త వరుస ప్రకారం వెళ్ళి వెతుకుతోంది, పాత ఫైళ్ళు పాత వరుసలో కూర్చుని ఉన్నాయి. ఎదురుపడకుండానే లేదనేస్తోంది.

పసుప్పచ్చ రంగు కింద ఉన్నది ఆ వరుసే. పక్కన నా పొడి అక్షరాలు, తేదీ, నేను రాసిన వ్యాఖ్య: "పట్టిక ఎప్పటికీ మారదు." పట్టికను మార్చే పని చేతిలో ఉన్న ఏకైక మనిషి రాసిన మాట ఇది. ఇంకెవరైనా రాసి ఉంటే ఏడాది పొడుగునా ఏడిపించి ఉండేదాన్ని.

నాకు ఇవాళ తెలిసిందా? కాదు. ఫిర్యాదు చదివిన రోజే ఈ వరుస గుర్తొచ్చింది. డైరీలో కూడా దాచుకుంటే ఇక ఎక్కడ చెప్పుకుంటాను? అనుమానం ఈ కాగితం పెట్టి ఎనిమిది రోజులైంది. ఎవరికీ చెప్పలేదు. నేనే చెబుతానని ఆగాడు. ఆయన ఓపిక తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తోంది.

పదాలమ్మ చెల్లెలి మాటలకు అడ్డంగా కూర్చున్నది నా అర సెకను.

జూన్ 12, గురువారం

చెప్పేశాను!

జ్ఞాపికను సంచిలో పెట్టుకుని వెళ్ళాను. మీటింగులో బల్ల మధ్యన పెట్టి, దీన్ని దేనికిచ్చారో ఎవరికైనా గుర్తుందా అని అడిగి, మొదట్నుంచి చివరిదాకా చెప్పాను. నీళ్ళు నమల్లేదు. తేలిగ్గా అనిపించింది. అనుమానం కిందికి చూస్తూ కూర్చున్నాడు. నవ్వుతున్నాడని చెవులను బట్టి తెలిసింది.

గడియారం జ్ఞాపికను తిప్పి చూసి, "మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదా మేడమ్" అన్నాడు. ఆ మాటలో తిట్టు లేదు, నిజంగానే అర్థం కాక అడిగాడు.

"పది రోజులుగా నాకు తెలుసండీ. చాలా కష్టంగా ఉంది" అన్నాను.

ఆ తర్వాత బేరం మొదలైంది. డిస్కు మీది పట్టికను చదవడం మళ్ళీ పెట్టాలన్నాను. అర సెకను వెనక్కి పోతుంది, పోటీవాళ్ళు నవ్వుతారన్నాడు. వచ్చే నెల ఇదే వెర్షన్ ఆ భాష నేర్పే బడులన్నిటికీ వెళ్తోందనీ, అక్కడున్నవన్నీ పాత డిస్కులేననీ చెప్పాను. అప్పుడు ఫిర్యాదు చేసేది ఒక్క కస్టమరు కాదు, బడికొకరు చొప్పున ఫోన్లు చేస్తారన్నాను. గడియారం కాగితం మీద బడుల లెక్క వేసుకుని సరేనన్నాడు. అప్పుడు తట్టింది నాకు, ఈ మీటింగులో ఆయన ఒక్కసారి కూడా చేతికేసి చూసుకోలేదు.

రేపటి సర్వీసువాళ్ళ ప్రయాణం రద్దు. నాకు పంతొమ్మిదో తారీఖు దాకా గడువు. సంతకం పెట్టించుకున్నాకే కుర్చీలోంచి లేచాను. జ్ఞాపిక వెనక్కి తీసుకుంటారా అంటే, దాన్ని వెనక్కి తీసుకునే ఫారం మా కంపెనీలో లేదట.

జూన్ 13, శుక్రవారం

పని మొదలు. పాత పట్టికను చదివిస్తే పాత ఫైళ్ళు దొరుకుతాయి. కానీ ఆరు వారాల్లో దాచినవి కొత్త వరుసలో దూరి కూర్చున్నాయి, అవి పోతాయి. రెండు వరుసలూ కలగలిసిపోయిన డిస్కులో ఏ వరుసనూ నమ్మకూడదు. కాబట్టి వెతకడమే మానేస్తున్నాం. మొదటి ఫైలు దగ్గర నిలబడి చివరి ఫైలు దాకా, ఎదురైన ప్రతిదాన్నీ పేరుతో సహా బయటికి తీసి, డిస్కు మీది పట్టిక ప్రకారం ఒక్కొక్కటే మళ్ళీ పేర్చడం. అక్క దుకాణంలో ఒకసారి టోకెన్లన్నీ కలిసిపోతే అక్క చేసింది ఇదే. బట్టలన్నీ తీగల మీంచి దింపేసి మొదట్నుంచి తగిలించింది.

నేను రాస్తుంటే అనుమానం పక్కన కుర్చీ వేసుకుని ప్రతి వరుసనూ అనుమానిస్తున్నాడు. ఇవాళ నాలుగు తప్పులు పట్టుకున్నాడు. పెట్టిన పేరు వృథా పోలేదు.

జూన్ 14, శనివారం

సెలవు రోజైనా వెళ్ళాం. క్యాంటీన్ మూసి ఉంది. అక్క ఇద్దరికీ సరిపడా డబ్బా కట్టి ఇచ్చింది. అనుమానం డబ్బా మూత తీసి వాసన చూశాకే తిన్నాడు. ఈ సంగతి అక్కకు చెప్పను.

జూన్ 16, సోమవారం

మధ్యాహ్నం నకలు మీద మొదటిసారి నడిపాం. 41,204 ఫైళ్ళు బుద్ధిగా వరుసలో కూర్చున్నాయి. పన్నెండు కూర్చోలేదు. ఈ పేరుతో ఇప్పటికే ఒక ఫైలు ఉందని సిస్టమ్ వాటిని గెంటేసింది.

మా సిస్టమ్‌లో ఒకే చోట ఒకే పేరుతో రెండు ఫైళ్ళు ఉండనే ఉండవు. అలాంటిది పన్నెండు జతలు. ఇద్దరం తలలు గోక్కున్నాం. ఉన్నట్టుండి ఆ మూడో అంతస్తు గది గుర్తొచ్చింది. కొన్ని తెరుచుకోకపోతే మళ్ళీ నేనే చెప్పి దాచానంది కదా ఆవిడ. దాచేటప్పుడు ఆ పేరుతో ఫైలు ఉందా అని యంత్రం వెతికింది, కొత్త వరుసలో వెతికింది కాబట్టి పాతది కనిపించలేదు, లేదనుకుని కొత్తది పుట్టించింది. పాతది ఎక్కడికీ పోలేదు.

పదాలు 41,204. ఫైళ్ళు 41,216. లెక్కల టీచరు లెక్క అక్షరాలా సరైనదే. పొరబడింది నేను. ఆఫీసులో ఉన్నచోటే లేచి నిలబడి ఆవిడకు మనసులో దండం పెట్టుకున్నాను.

ఇలాంటప్పుడు కొత్తదాన్ని ఉంచి పాతదాన్ని తీసెయ్యాలని మా నియమం. గడియారం అదే గుర్తుచేశాడు. పాతది చెల్లెలి గొంతండీ అన్నాను. అయితే నియమం మీరే మార్చండి అన్నాడు. మార్చాను. రెండూ ఉంటాయి, పాతదాని పేరు చివర "ముందుది" అని చేరుతుంది.

ఆ పన్నెండింటినీ తెరిచి వినలేదు. అవి ఆవిడవి.

జూన్ 18, బుధవారం

అనుమానం మూడుసార్లు మొదట్నుంచి చివరిదాకా పరీక్షించాడు. 41,216 తెరుచుకున్నాయి. నాలుగోసారి కూడా చేస్తాననుకున్నాను గానీ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "బాగుంది మేడమ్" అన్నాడు. ఇరవై మూడేళ్ళలో ఆయన నోట ఈ మాట వినడం ఇదే మొదలు. ఆనందం పట్టలేక టీకి వెళ్దామన్నాను. కప్పు తిప్పి చూసుకుని తాగాడు.

జూన్ 19, గురువారం

ఇవాళ్టిది జీవితాంతం గుర్తుండాలి, అందుకని అన్నీ రాస్తాను.

పదకొండు గంటలకు వెళ్ళాను. మెట్లెక్కుతుంటే ఆయాసం రాలేదు. ముందు, చెప్పాల్సిన క్షమాపణ చెప్పాను. తప్పు యంత్రానిది కాదనీ, పదకొండేళ్ళ కిందట నేను చేసిందనీ, మొదటిసారి వచ్చినప్పుడే చెప్పాల్సిందనీ అన్నాను. ఆవిడ దిండు గలీబు తీసి మడత పెడుతూ విన్నది.

"పదకొండేళ్ళ కిందటి తప్పు ఇప్పుడు ఎక్కడ దొరికిందమ్మా?"

"డ్రాయర్లోనండీ" అన్నాను.

పని పూర్తవడానికి గంటా పది నిమిషాలు పట్టింది. ఆవిడ నాకు వేడిపాలు ఇచ్చింది, తను తాగలేదు. అయిపోయాక కంప్యూటరు ఆపి మళ్ళీ ఆన్ చేశాను. ఇకనుంచి అర సెకను ఆలస్యంగా లేస్తుందని ముందే హెచ్చరించాను. ఆవిడ తెర వైపు శ్రద్ధగా చూసి, "మొన్నా ఇంతే, ఇవాళా ఇంతే. ఏమీ తేడా లేదే" అంది. హాలంతా చప్పట్లు కొట్టిన నా అర సెకను అది. నవ్వాపుకోలేకపోయాను. ఎందుకో తెలియకపోయినా ఆవిడా నవ్వింది.

ఒక్కొక్క పదం తెరిచింది. తెరుచుకున్న ప్రతిసారీ నోటుబుక్కులో టిక్కు పెట్టింది. టీచర్లు పెట్టే టిక్కు, తోక పొడుగ్గా. ఇరవై దాకా పెట్టాక పెన్ను కింద పెట్టేసింది.

అప్పుడు ఆ పన్నెండు జతల సంగతి చెప్పాను. నమ్మలేదు. జాబితాలో ఒకదాన్ని చూపించాను. బట్ట కుట్టేటప్పుడు, పిల్లలు ఎదిగాక విప్పుకోవచ్చని లోపలికి మడిచి వదిలేసే గుడ్డకు వాళ్ళ భాషలో ఒక మాట ఉంది. "ముందుది" మీద నేనే నొక్కాను.

ముందు ఏదో చప్పుడు. ఒక చిన్న నవ్వు. ఏదో ప్రశ్న అడిగినట్టు రెండు మూడు మాటలు. తర్వాత గొంతు సవరించుకుని, ఆ పదం.

మొదట ఏమంటోందని పదాలమ్మను నెమ్మదిగా అడిగాను.

"అక్కా, ఇది తిరుగుతోందా, అంటోంది. రికార్డు అవుతోందా లేదా అని ప్రతిసారీ అడిగేది. తిరుగుతోందని ఎన్నిసార్లు చెప్పినా" అంది. ఆ తర్వాత కాసేపు ఆవిడ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆవిడ కంటే నేనే ఎక్కువ ఏడ్చానేమో.

తర్వాత ఆవిడ తను చెప్పి దాచినదాన్ని వినిపించింది. నా చెవికి కూడా తేడా తెలిసింది. ఆ ఆరింట్లో ఒకటైన అక్షరం దగ్గర చెల్లెలి గొంతు లోపలికి దిగి పైకి వస్తుంది, అక్కది తిన్నగా వెళ్ళిపోతుంది. ఆవిడ చెల్లెలిదాన్ని మళ్ళీ పెట్టింది. వెంటనే తనూ పలికింది. కుదరలేదు. మళ్ళీ పెట్టింది, మళ్ళీ పలికింది. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు, లెక్కపెట్టకపోవడం నాకు కొత్త. ఒకసారి ఇద్దరి గొంతులూ ఆ అక్షరం దగ్గర కలిసి దిగి కలిసి పైకి వచ్చాయి. డెబ్బై ఒక్కేళ్ళ లెక్కల టీచరు నా వైపు తిరిగి, బడిలో మొదటి మార్కు తెచ్చుకున్న పిల్లలాగా చూసింది.

"వచ్చిందమ్మా" అంది.

జూన్ 20, శుక్రవారం

పుస్తకం ప్రెస్సుకు వెళ్ళింది. 41,204 పదాలతో వెళ్ళిందని పదాలమ్మ ఫోను చేసి చెప్పింది. ఒక్క పేరు కూడా పోలేదు.

కోడులో ఆ పాత వరుస తీసేశాను. పాత వ్యాఖ్య ఉన్నచోట కొత్తది రాశాను: "పట్టిక మారుతుంది. ముందు డిస్కు మీది చదవాలి." కింద నా పొడి అక్షరాలు, ఇవాళ్టి తేదీ. వచ్చే నెల బడులకు వెళ్ళేది ఇదే. గడియారం వచ్చి చూసి, కంప్యూటరు లేవడానికి ఎంత సేపు పడుతోందో తన చేతి గడియారంతోనే కొలుచుకుని, పరవాలేదన్నాడు.

ఇంటికి వచ్చేసరికి అక్క దుకాణం కట్టేస్తోంది. ఆ ఆదివారం జ్ఞాపిక గురించి అడిగినదానికి జవాబు చెప్పాను. ఒక్క వరుసతో ఏం చేశానో, ఈ మూడు వారాలూ ఏం జరిగిందో, పాలు పొంగలేదన్న సంగతితో సహా. పాలు పొంగలేదని తనకు అప్పుడే తెలుసట. మడిచి వదిలేసే గుడ్డకు ఒక మాట ఉందని చెబితే మాత్రం ఆశ్చర్యపోయింది. నలభై ఏళ్ళుగా రోజూ చూస్తున్నా దాన్ని ఏమనాలో తెలియదట. నేర్పమంది. నాకు సరిగ్గా రాదన్నాను. వచ్చినంతే చెప్పమంది.

ఫోనులో రికార్డింగు ఆన్ చేసి, ఇద్దరం మొహమొహాలు చూసుకుని, ముందు నేను పలకబోయాను.

"ఆగవే, ఇది తిరుగుతోందా?" అంది అక్క.

తిరుగుతోంది.